చిన్న ఊళ్లో పెద్ద గోడబొమ్మ: అందరూ కలిసి కుడ్యచిత్రం వేసే పద్ధతి

ఊరి నడిబొడ్డున ఏళ్ల తరబడి బోసిగా నిలబడ్డ గోడ ఒకటి ఉంటుంది. దాని మీద పెద్ద బొమ్మ వేస్తే బాగుంటుందని ఎవరో ఒకరు అంటారు. పదిమంది తలూపుతారు. మర్నాడే రంగు డబ్బాలు కొనేద్దామన్న ఉబలాటం పుడుతుంది. దయచేసి అక్కడ ఆగండి. రంగు వేయడం ఈ పనిలో చివరి భాగం. ఆరేడు నెలలు పట్టే ప్రయత్నంలో కుంచె గోడకు తగిలేది మూడు నాలుగు వారాలే.

అందరూ కలిసి వేసుకున్న బొమ్మలు ఎక్కువగా రెండు కారణాల వల్ల చెడిపోతాయి. ఒకటి గోడలో దాగిన చెమ్మ. రెండోది మనుషుల్లో దాగిన అలక, మమ్మల్ని ఎవరూ అడగలేదే అన్న బాధ. ప్రారంభోత్సవం రోజున ఈ రెండూ కనబడవు. రెండేళ్లు గడిచాక ఒకటి పెచ్చులై రాలుతుంది, ఇంకొకటి ఫిర్యాదులై వస్తుంది. అందుకే ఇక్కడ గోడ గురించి, జనం గురించి ఎక్కువ చెబుతాను. కుంచె పట్టడం గురించి తక్కువే చెబుతాను.

ఇది చిన్న ఊళ్ల శక్తికి మించిన పని మాత్రం కాదు. కెనడాలో చెమైనస్ అనే కలప మిల్లు ఊరు 1982లో తన చరిత్రను గోడల మీద వేయించుకోవడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఆ మిల్లు మూతపడింది. బొమ్మలు మాత్రం 40 దాటాయి, వాటిని చూడటానికే జనం ఆ ఊరికి వస్తున్నారు. ఆ ఊరిని చూసి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో షెఫీల్డ్ అనే ఊరు 1986లో తన మొదటి బొమ్మ వేయించుకుంది.

1. ముందు జట్టు

ఐదారుగురు చాలు. ఒకరు డబ్బు లెక్కలు చూడాలి. ఒకరు గోడ, పరంజా, భద్రత చూడాలి. ఇద్దరు జనంతో మాట్లాడాలి. ఆ ఇద్దరూ ఒకే వీధి వాళ్లో, ఒకే వయసు వాళ్లో కాకుండా చూసుకోండి. ఇంకొకరు ప్రధాన చిత్రకారుడు లేదా చిత్రకారిణి.

చిత్రకారుల్ని ఎంచుకునేటప్పుడు కొత్తగా వేసిన బొమ్మల ఫొటోలు చూసి మురిసిపోకండి. ఐదేళ్ల కిందట ఆరుబయట వేసిన బొమ్మ ఇప్పుడు ఎలా ఉందో చూపించమనండి. వాళ్లు పనిచేసిన ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, అక్కడి జనంతో ఎలా మెలిగారో అడగండి. చెయ్యి ఎంత బాగున్నా, పిల్లాడు గీత దాటి రంగు పూస్తే విసుక్కునే మనిషి ఈ పనికి సరిపోరు.

మొదటి సమావేశంలోనే ఒక సంగతి తేల్చుకోవాలి. ఏ విషయం మీద బొమ్మ వేయాలన్నది ఊరు చెబుతుంది. దాన్ని ఎలా వేయాలన్నది చిత్రకారుడు చెబుతాడు. ఈ గీత స్పష్టంగా లేకపోతే ఆకాశం నీలం ముదురుగా ఉండాలా లేతగా ఉండాలా అని ఇరవై మంది ఓట్లేస్తూ కూర్చుంటారు.

2. గోడను చూడటం

అందరికీ కనబడే గోడ కావడం ఒక్కటే చాలదు. ఆ గోడ దగ్గరకు కనీసం మూడుసార్లు వెళ్లండి: ఉదయం ఒకసారి, నడి మధ్యాహ్నం ఒకసారి, మంచి వాన కురిసిన మర్నాడు ఒకసారి. మూడోది అన్నిటికంటే ముఖ్యం.

వాన మర్నాడు గోడ పైనుంచి కిందికి చూడండి. పిట్టగోడ మీద పూత పగిలిందా, వాన నీటి గొట్టం కారుతోందా, చూరు నుంచి పడే నీళ్లు గోడను తడుపుతున్నాయా అని గమనించండి. నేల నుంచి మీటరు ఎత్తు దాకా నల్లగా చెమ్మ గీత కనబడితే నీళ్లు నేలలోంచి గోడలోకి ఎక్కుతున్నాయని అర్థం. తెల్లటి బూడిదలాంటి పొడి కనబడితే అది ఉప్పు. గోడలోంచి నీళ్లు బయటికి వస్తూ తెచ్చిన ఉప్పు అది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా వెనకనుంచి తోసేస్తుంది. ఒకసారి ఒక గోడ కింది భాగంలో ఈ తెల్లపొడిని నేను తేలిగ్గా తీసుకున్నాను. కడిగేసి రంగు వేయించాను. పైభాగం చెక్కుచెదరలేదు గానీ, కింద పిల్లలు వేసిన పూలన్నీ రెండో వానాకాలానికి రాలిపోయాయి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి వచ్చి తన పువ్వు ఏదని అడిగింది. అప్పటినుంచి ఏ గోడనైనా ముందు కిందినుంచే చూడటం అలవాటు చేసుకున్నాను.

చెమ్మ సంగతి తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును గోడకు పెట్టి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు వేయండి. ఒక పూర్తి రోజు వదిలేయండి. గోడ వైపు నీటి బిందువులు కనబడితే తడి గోడలోంచే వస్తోంది. ఇలా కింద, మధ్యలో, పైన, కనీసం మూడు చోట్ల చేయండి. తడి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి బాగుచేయించాకే ముందుకు వెళ్లాలి. బాగుచేయడం కుదరదంటే ఇంకో గోడ వెతుక్కోండి.

పాత రంగు ఉంటే అది గోడను గట్టిగా పట్టుకుని ఉందో లేదో కూడా చూడాలి. పదునైన బ్లేడుతో గుణకారం గుర్తులా కోసి, దాని మీద గట్టి టేపు అదిమి ఒక్కసారిగా లాగండి. రంగు పెచ్చులు టేపుకు అంటుకుని వస్తే ఆ పాత పూతంతా గీకేయాల్సిందే.

మధ్యాహ్నం ఎండంతా నేరుగా పడే గోడ మీద రంగు తొందరగా వెలిసిపోతుంది. నీడ పట్టున ఎప్పుడూ ఆరని గోడకు పాచి పడుతుంది. ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే గోడ దొరికితే అదృష్టమే. గోడ పక్కన ఖాళీ స్థలం ఉంటే అది ఎవరిదో, అక్కడ కట్టడం లేచే అవకాశం ఉందో లేదో కూడా కనుక్కోండి. బొమ్మ ముందు మూడంతస్తుల మేడ లేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

3. కాగితం మీద ఒప్పందం

గోడ యజమాని నోటిమాటగా సరేనన్నా, ఎంత దగ్గరివారైనా రాతపూర్వకంగా రాసుకోండి. అందులో ఉండాల్సినవి కొన్నే: బొమ్మ కనీసం ఎన్నేళ్లు ఉంటుంది, మరమ్మతు ఎవరిది, గోడ పగిలితే లేదా భవనం అమ్మితే ఏం చేయాలి, బొమ్మ తీసేయాల్సి వస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఫొటోలు ఎవరు ఏ పనికి వాడుకోవచ్చు. స్థానిక పాలక సంస్థ అనుమతి కావాలా, భవనం వారసత్వ కట్టడాల జాబితాలో ఉందా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. రోడ్డు మీద పరంజా నిలబెట్టడానికి చాలాచోట్ల వేరే అనుమతి కావాలి.

చిత్రకారుడికి తన బొమ్మ మీద హక్కు ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీది చిత్రాలకు 2013లో యజమాని రాత్రికి రాత్రి సున్నం కొట్టించాడు. 2018లో కోర్టు చిత్రకారులకు 67.5 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వమంది, 2020లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. భారతదేశంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ విజ్ఞాన్ భవన్‌లో చేసిన కంచు కుడ్యచిత్రాన్ని 1979లో ఊడదీసి పారేస్తే, ఆయన పోరాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు. ఇవి యజమానిని భయపెట్టడానికి చెప్పే కథలు కావు. తర్వాత గొడవ రాకుండా ఇద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోవడానికి చెప్పాల్సిన సంగతులు.

4. జనం మాట వినడం

దీనికి తక్కువలో తక్కువ రెండు నెలలు కేటాయించండి. ఒక సాయంత్రం సమావేశం పెట్టి, వచ్చిన వాళ్లతో మాట్లాడి, ఊరి అభిప్రాయం తీసుకున్నాం అనుకోవడం పెద్ద పొరపాటు. సమావేశానికి వచ్చేది మాట్లాడటం అలవాటున్న వాళ్లే. మిగతా వాళ్ల దగ్గరకు మీరు వెళ్లాలి: బడికి, బస్సు ఆగే చోటికి, వృద్ధులు కూర్చునే అరుగుల దగ్గరకు, పని ముగించుకుని వచ్చే వాళ్లు కాసేపు ఆగే చోటికి. నిన్నమొన్న ఆ ఊరికి వచ్చి స్థిరపడ్డ వాళ్ల ఇళ్లకు కూడా వెళ్లండి. ఈ ఊరి కథలో మేమూ ఉన్నామా అన్న సందేహం అందరికంటే వాళ్లకే ఎక్కువ.

ఏ ప్రశ్న అడుగుతారన్నది చాలా ముఖ్యం. "గోడ మీద ఏ బొమ్మ కావాలి?" అని అడిగితే ఎక్కడైనా వచ్చే జవాబులు అవే: పక్షి, చెట్టు, చేతులు కలుపుకున్న పిల్లలు. అందుకు బదులు "ఇప్పుడు లేకుండా పోయినవాటిలో మీకు బాగా గుర్తున్నది ఏమిటి?" అని అడగండి. "కొత్తగా వచ్చిన వాళ్లకు మీరైతే ముందుగా ఏ చోటు చూపిస్తారు?" అని అడగండి. "ఈ ఊరిలో ఎవరి చేతి పని అంటే మీకు ఇష్టం?" అని అడగండి. అప్పుడు పాత రైలు కూత బయటికి వస్తుంది, వరద ఎక్కిన ఏడాది వస్తుంది, మూతపడిన మిల్లు గేటు ముందు గంట వస్తుంది. బొమ్మకు ప్రాణం అలాంటి వాటి వల్లే వస్తుంది. చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోండి. పాత ఫొటోలు ఇస్తే అక్కడికక్కడే ఫోన్‌లో తీసుకుని అసలువి తిరిగి ఇచ్చేయండి.

చేదు జ్ఞాపకాలు కూడా వస్తాయి. ఎవరినో వెళ్లగొట్టిన సంగతి, ఫలానా ప్రమాదం, మానని సమ్మె గాయం. వాటిని పక్కకు తోసేసి నవ్వుముఖాలు మాత్రమే వేస్తే ఆ బొమ్మ సగం ఊరిదే అవుతుంది. లాస్ ఏంజిలస్‌లో జూడీ బాకా నాయకత్వంలో 1976 నుంచి వరద కాలువ గోడ మీద సుమారు 840 మీటర్ల పొడవున వేసిన బొమ్మ దీనికి మంచి ఉదాహరణ. పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని వాళ్ల చరిత్రనే అందులో వేశారు. 400 మందికి పైగా యువతీయువకులు ఆ పని చేశారు. చేదు విషయం వేయాలనుకుంటే, ఆ బాధ ఎవరిదో వాళ్లతోనే ముందు మాట్లాడాలి. ఎంత చూపించాలో, ఎలా చూపించాలో చెప్పే హక్కు వాళ్లదే.

బతికున్న మనిషి ముఖం వేయాలంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోండి. ఒకరి ముఖం వేసి ఇంకొకరిది వదిలేస్తే వచ్చే మనస్పర్థలు ఎన్నేళ్లయినా పోవు. అందుకే చాలామంది చిత్రకారులు ఫలానా వారని గుర్తుపట్టేలా కాకుండా, పని చేస్తున్న చేతుల్నో, వెనకనుంచి కనబడే మనుషుల్నో వేస్తారు.

5. చిత్తు బొమ్మ

విన్నదాన్నంతా గోడ మీద కుక్కితే అది సంతలా తయారవుతుంది. ఒక పెద్ద ఆకారం, దాన్ని అంటిపెట్టుకుని రెండు మూడు కథలు, దగ్గరకు వస్తే కనబడే చిన్న చిన్న వివరాలు ఉంటే సరిపోతుంది. వాహనంలో వెళ్లేవాళ్లకు గోడ కొన్ని సెకన్లే కనబడుతుంది, వాళ్ల కోసం పెద్ద ఆకారం. నడిచి వెళ్లే వాళ్ల కోసం మధ్యవి. గోడ పక్కనే నిలబడి ఎదురుచూసే పిల్లల కోసం వాళ్ల కంటి ఎత్తులో ఒక పురుగో, తాళంచెవో, దారం ఉండో.

చిత్తు బొమ్మను 1:20 కొలతలో గీయండి. అంటే గోడ మీద ఒక మీటరుకు కాగితం మీద 5 సెంటీమీటర్లు. కిటికీలు, తలుపులు, గొట్టాలు, మీటరు పెట్టెలు అన్నీ ముందే అందులో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత దాన్ని పోస్టుకార్డంత చేసి నలుపు తెలుపులో ప్రింటు తీయండి. చేయి చాచి పట్టుకుని, కళ్లు చికిలించి చూడండి. అందులో ఆకారాలు విడివిడిగా కనబడకపోతే వంద మీటర్ల దూరం నుంచి గోడ మీద కూడా కనబడవు. రంగులు మారిస్తే సరిపోదు, వెలుగు నీడలే మార్చాలి.

చిత్తును మళ్లీ జనం దగ్గరకు తీసుకెళ్లండి. మూడు నమూనాలు పెట్టి ఓటింగ్ పెట్టడం నాకు నచ్చదు. ఒకటి గెలిస్తే మిగతా రెండింటినీ ఇష్టపడ్డవాళ్లు ఓడిపోయినట్టవుతుంది. ఒక్కటే చూపించి "మీరు చెప్పింది ఇందులో కనబడుతోందా? ఎక్కడైనా తప్పుందా?" అని అడగండి. మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి బొమ్మలోని బెల్టు తప్పు చక్రం మీద ఉందని ఇట్టే పట్టేస్తాడు. ఆ తప్పు గోడ మీదకు ఎక్కితే, బొమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అదే కనబడుతుంది.

6. డబ్బు

ఖర్చు ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది: చిత్రకారుల శ్రమకు, గోడ బాగుచేయడానికి, పరంజా లేదా లిఫ్టు అద్దెకు. చాలామంది రంగుల ఖర్చు చూసుకుని బడ్జెట్ వేస్తారు, అది మొత్తంలో చిన్న భాగమే. వానకు పని ఆగితే పరంజా అద్దె మాత్రం ఆగదు కాబట్టి, అనుకోని ఖర్చులకు 10 నుంచి 15 శాతం పక్కన పెట్టండి. ఊరివాళ్లు ఉచితంగా చేస్తారని చిత్రకారుల్ని కూడా ఉచితంగా చేయమనడం న్యాయం కాదు. మొత్తంలో కొంత భాగాన్ని రాబోయే మరమ్మతుల కోసం మొదటిరోజే వేరే ఖాతాలో వేసేయండి. తర్వాత పోగుచేద్దాం అనుకుంటే ఎప్పటికీ పోగవదు.

7. గోడను సిద్ధం చేయడం

ముందు ఉప్పు. తెల్లపొడిని పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పాచి ఉంటే పాచిని చంపే మందు పూసి, అది పనిచేశాక గీకి కడగాలి. మిగతా గోడను ప్రెషర్ వాష్‌తో కడగవచ్చు, కానీ పాత సున్నపు గోడ మీద అంత ఒత్తిడి పెడితే పూత ఊడి వస్తుంది. అక్కడ మెత్తటి బ్రష్షే మేలు.

చాలా పాత భవనమైతే పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా ఎమరీ పేపర్‌తో పొడిగా రుద్దకండి. ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం. సీసం ఉందని తేలితే ఆ పని శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించాలి. ఊరి జనాన్ని ఆ దరిదాపులకు రానీయకూడదు.

పగుళ్లను వి ఆకారంలో కొంచెం వెడల్పు చేసి, బయటి గోడలకు వాడే పూరకంతో పూడ్చండి. ఇంటి లోపలి పుట్టీ బయట పనికిరాదు, మొదటి వానకే ఉబ్బుతుంది. కొత్తగా సిమెంటు పూత వేయిస్తే కనీసం 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగుల్ని తినేస్తుంది. ఆ తర్వాత కూడా క్షారాన్ని తట్టుకునే ప్రైమరే (రంగుకు ముందు వేసే అడుగు పూత) వాడాలి. కడిగిన గోడ పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు వదిలి, ప్లాస్టిక్ షీటు పరీక్ష మళ్లీ చేసి, అప్పుడు ప్రైమర్ కొట్టండి.

సున్నంతో కట్టిన పాత గోడలకు లోపలి తేమను బయటికి వదిలే గుణం ఉంటుంది. వాటి మీద అక్రిలిక్ (నీళ్లలో కలిసే, ఆరాక ప్లాస్టిక్ పొరలా మారే రంగు) వేస్తే ప్లాస్టిక్ కవరు తొడిగినట్టవుతుంది, తేమ లోపలే చిక్కుకుపోతుంది. అలాంటి గోడకు సిలికేట్ రంగులు మంచివి. జర్మనీలో అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ 1878లో వీటికి పేటెంటు తీసుకున్నాడు. ఇవి గోడ మీద పొరలా నిలబడకుండా గోడలోని ఖనిజంతో కలిసిపోతాయి. అయితే ఇంతకుముందే అక్రిలిక్ పూసిన గోడను ఇవి పట్టుకోవు. పైగా వీటికి క్షారగుణం ఎక్కువ, కళ్లకు రక్షణ తప్పనిసరి, కిటికీ అద్దాల మీద పడితే మచ్చ పోదు. పిల్లలతో చేయించే పనికి ఇవి సరిపోవు.

8. రంగుల ఎంపిక

బయటి గోడలకు పూర్తి అక్రిలిక్ రంగులే తీసుకోండి. డబ్బా మీద కంపెనీ పెట్టిన అందమైన పేరు చూసి కొనకండి, లోపల ఏ వర్ణకం, అంటే రంగునిచ్చే పొడి, ఉందో అడగండి. ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన జేగురు ఎరుపు, మట్టి పసుపు, గోధుమ రంగులు ఎండకు దాదాపు చెక్కుచెదరవు. టైటానియం తెలుపు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ కూడా గట్టివే. వర్ణకాలకు అంతర్జాతీయ కోడ్‌లు ఉంటాయి: పీఆర్ 101, పీవై 42, పీబీ 15, పీజీ 7 అన్నవి పైన చెప్పిన ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలవి. తళతళలాడే గులాబీ, ఊదా, నిమ్మ పసుపుల్లో చాలా రకాలు ముందుగా వెలిసిపోతాయి. మెరిసే ఫ్లోరోసెంట్ రంగులైతే అసలు వద్దు. ముఖాల్లో, ముఖ్యమైన గీతల్లో వెలిసిపోయే రంగు ఒక్కటి కలిసినా కొన్నేళ్లకు మనుషుల ముఖాలు పాలిపోతాయి.

ఎంత కొనాలన్నది లెక్క వేసుకోవచ్చు. 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు గోడ అంటే 100 చదరపు మీటర్లు. గరుకు గోడకు లీటరు ప్రైమర్ 6 చదరపు మీటర్లకు వస్తుందనుకుంటే 17 లీటర్లు కావాలి. ప్రైమర్ పట్టాక గోడ అంతగా పీల్చదు, లీటరు రంగు 8 చదరపు మీటర్లకు వస్తుందనుకున్నా, నేపథ్యం రెండు పూతలకు 25 లీటర్లు. పైన 15 శాతం కలుపుకోండి. ఒక్కో రంగును ఒకేసారి మొత్తం కలిపి పెద్ద డబ్బాలో ఉంచాలి. సగంలో అయిపోయి మళ్లీ కలిపితే ఆ ఛాయ రాదు. అక్రిలిక్ తడిగా ఉన్నప్పటికంటే ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి, నమూనాను గోడ మీదే పూసి ఆరాక చూసి తేల్చుకోండి.

9. బొమ్మను గోడ మీదకు ఎక్కించడం

పాత పద్ధతి గడులు గీయడం, ఇప్పటికీ నమ్మదగినది. నేల వాలుగా ఉన్నా బొమ్మ వాలకూడదు కాబట్టి మొదటి అడ్డగీతను తాపీమేస్త్రీల నీళ్ల లెవెల్ పైపుతో తీయండి. నిలువు గీతకు తూకం గుండు. రెండింటి మధ్య మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒకవైపు 3 మీటర్లు, ఇంకోవైపు 4 మీటర్లు కొలిచి గుర్తుపెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 మీటర్లు వస్తే మూల సరిపోయినట్టే. తర్వాత సుద్ద దారం కొట్టి మీటరు గడులు గీసుకోవచ్చు.

రాత్రిపూట ప్రొజెక్టర్‌తో నీడ వేసి గీసుకోవడం వేగంగా అవుతుంది. దానికి గోడ ముందు సరిపడా దూరం, చీకటి కావాలి. ప్రొజెక్టర్ వంకరగా నిలబెడితే బొమ్మ సాగిపోతుంది. ఇంకో ఉపాయం ఉంది. గోడ నిండా పిచ్చి గుర్తులు, అంకెలు, సున్నాలు గీసి ఫొటో తీయండి. ఫోన్‌లో ఆ ఫొటో మీద చిత్తు బొమ్మను పలుచగా పరచండి. ఫలానా ముక్కు కొన ఫలానా సున్నా పక్కన వస్తుంది అని చూసుకుంటూ గీసుకుపోవచ్చు. గరుకు గోడల మీద, వంకర గోడల మీద నాకు ఇదే హాయిగా అనిపిస్తుంది.

10. అందరి చేతులూ పడే రోజులు

చిత్రకారుడు గీతలు వేసి, ఒక్కో ముక్కలో అంకె రాస్తాడు. అదే అంకె రంగు డబ్బా మీద ఉంటుంది. వచ్చినవాళ్లు తమ అంకె చూసుకుని నింపుతారు. వినడానికి పిల్లల ఆటలా ఉన్నా, బొమ్మ వేయడం రాదని భయపడే మనిషికి ఇది ఎంతో ధైర్యం ఇస్తుంది. ఐదారుగురికి ఒక అనుభవజ్ఞుడు ఉండాలి. రంగును చిన్న కప్పుల్లో సగం వరకే పోసి ఇవ్వండి. ఒకేసారి ఇరవై మందికి మించి గోడ దగ్గర ఉంటే ఎవరికీ పని సాగదు, అందుకే ముందే గంటల వారీగా పేర్లు రాసుకోండి.

గోడ దగ్గరకు రాలేని వాళ్లను వదిలేయకండి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో జేన్ గోల్డెన్ నాయకత్వంలో మొదలైన కుడ్యచిత్ర కార్యక్రమం పారాచూట్ క్లాత్ పద్ధతిని విస్తారంగా వాడుతుంది. ఇది నేయని పలుచటి పాలియెస్టర్ గుడ్డ. బొమ్మను సుమారు మీటరున్నర చదరాలుగా విడగొట్టి ఈ గుడ్డ మీద గీస్తారు. ఆ ముక్కలు బడికి, ఆసుపత్రికి, వృద్ధాశ్రమానికి, జైలుకు వెళ్తాయి. అక్కడ బల్ల మీద కూర్చుని రంగులు నింపుతారు. తిరిగి వచ్చాక గోడకు అక్రిలిక్ జెల్ పూసి, గుడ్డ అంటించి, గాలి బుడగలు లేకుండా అదిమి, పైన మళ్లీ జెల్ పూస్తారు. అంచులు సరిచేస్తే అతుకు కనబడదు. మంచం దిగలేని ఒక పెద్దావిడ వేసిన ఆకు, గోడ మీద ఎనిమిది మీటర్ల ఎత్తున ఉండవచ్చు.

ఊరివాళ్లు వేసిన తర్వాత చిత్రకారులు అంచులు సరిదిద్ది, వెలుగు నీడలు కలుపుతారు. ఈ సంగతి మొదటిరోజే అందరికీ చెప్పాలి. చెప్పకపోతే "నేను వేసింది చెరిపేశారు" అన్న మాట వస్తుంది. ఎక్కడో కొంత భాగాన్ని మాత్రం పూర్తిగా వాళ్ల చేతి గీతలతోనే వదిలేయండి.

వాతావరణాన్ని రోజూ చూసుకోవాలి. 10 నుంచి 35 డిగ్రీల మధ్య అక్రిలిక్ బాగా పనిచేస్తుంది. గాలి చల్లగా ఉన్నా ఎండకు కాలిన గోడ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. అప్పుడు రంగు గోడను పట్టకముందే ఆరిపోతుంది. నీడ వెంట నడవండి, గోడ ఏ భాగం నీడలో ఉంటే ఆ భాగం వేయండి. మంచు కురిసే రోజుల్లో పొద్దు గూకడానికి రెండు గంటల ముందే ఆపేయాలి.

11. ఎత్తు మీద పని

ఇక్కడ మొహమాటం పనికిరాదు. నేల నుంచి చేయి అందే ఎత్తు వరకే ఊరివాళ్లు వేయాలి. అంతకు పైన శిక్షణ ఉన్నవాళ్లే. నిచ్చెన మీద నిలబడి గంటల తరబడి బొమ్మ వేయకూడదు, ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో కుంచె ఉంటే పట్టుకోవడానికి మూడో చేయి ఉండదు. పరంజాను అది తెలిసిన వాళ్లే కట్టాలి. అంచున నడుము ఎత్తు కడ్డీ, కాళ్ల దగ్గర డబ్బాలు జారి పడకుండా అడ్డుపలక, చక్రాలుంటే వాటికి తాళం. పరంజా కింద నడిచే దారి మూసేయండి. కరెంటు తీగలకు కనీసం 3 మీటర్ల దూరం పాటించండి, దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖ వాళ్లతో మాట్లాడకుండా పని మొదలుపెట్టొద్దు. అందరికీ వర్తించే బీమా తీసుకోండి.

12. పై పూత, ఆ తర్వాత

బొమ్మ పూర్తయ్యాక కనీసం రెండు వారాలు ఆరనిచ్చి, అతినీలలోహిత కిరణాల్ని ఆపే అక్రిలిక్ వార్నిష్ రెండు పలుచటి పూతలు వేయండి. మందంగా ఒకేసారి పూస్తే, లేదా గోడలో తేమ ఉండగా పూస్తే, పాలపొరలా తెల్లబడుతుంది. ముందు ఒక మూల పూసి చూడండి. పిచ్చిరాతల భయం ఉంటే మైనంలాంటి పూత ఒకటి ఉంది. దాని మీద రాసినదాన్ని వేడినీళ్లతో పూతతో సహా కడిగేసి, మళ్లీ పూసుకోవచ్చు. నేల నుంచి మీటరు ఎత్తు దాకా వాన చిందులు, సైకిళ్లు, బూట్లు తగులుతాయి. అక్కడ తేలిగ్గా మళ్లీ వేసుకోగల సాదా ముదురు పట్టీ పెట్టుకుంటే బాగుంటుంది.

పాల్గొన్నవాళ్ల పేర్లు పక్కన పలక మీద రాయించండి. రాయించే ముందు ప్రతి పేరునూ ఆ మనిషికే చూపించి అక్షరాలు సరిచూసుకోండి.

మొదటి వానాకాలం అయిపోయిన వారంలో గోడను పైనుంచి కిందికి చూడండి, ఆ తర్వాత ఏడాదికోసారి. అరచేతంత పెచ్చు ఊడినప్పుడే సరిచేస్తే ఒక పూట పని. వదిలేస్తే తలుపంత అవుతుంది. ఎండా వానా బాగా తగిలే గోడ మీద పదేళ్లు దాటాక పెద్ద మరమ్మతు అవసరం పడొచ్చు. అప్పుడు అదే బొమ్మను మళ్లీ వేస్తారా, ఆ తరం వాళ్లకు కొత్త బొమ్మ వేసుకునే అవకాశం ఇస్తారా అన్నది ఒప్పందంలోనే రాసుకోవచ్చు.

ఆ రోజుకు అవసరమయ్యే వస్తువులు ఇప్పుడే దాచండి. ఒక్కో రంగు ఒక చిన్న సీసాలో పోసి, బిగుతుగా మూతపెట్టి, మూత మీద అంకె, తేదీ రాయండి. గడ్డకట్టే చలి తగిలితే అక్రిలిక్ పాడవుతుంది కాబట్టి లోపలి గదిలో ఉంచాలి. ఒక నోటుబుక్‌లో ఏ అంకె ఏ కంపెనీ రంగు, ఏ కోడ్, ఏ పాళ్లలో కలిపారు, ఎక్కడ వాడారు, గోడ ఫొటోలు, వార్నిష్ పేరు అన్నీ రాసి, దానికి రెండో ప్రతి తీయండి. ఒకటి గ్రంథాలయంలోనో బడిలోనో ఇవ్వండి. రెండోది జట్టులో అందరికంటే చిన్న వయసు వాళ్ల చేతికి ఇవ్వండి.